నొప్పి లేనంత మాత్రాన ముప్పు లేనట్టు కాదు

షుగర్ ఉన్న పెద్దల పాదాలను రోజూ రాత్రి అరగంట సేపు వేడి ఉప్పునీటిలో నానబెట్టి, వేళ్ల సందులతో సహా పసుపు కలిపిన కొబ్బరినూనె పట్టించి, పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిపిస్తే తిమ్మిర్లు పోతాయనీ, ఆనెకాయలను ఇంట్లోనే బ్లేడుతో తీసేయవచ్చుననీ, నొప్పి పుట్టనంత వరకు పుండు గురించి కంగారు అక్కర్లేదనీ ఒక సందేశం వాట్సాప్‌లో విపరీతంగా తిరుగుతున్నది. పెద్దవాళ్ల కాళ్లు చూసుకునే కోడళ్లూ కొడుకులూ ప్రేమకొద్దీ దీన్ని పాటిస్తారు గనుక ఒక్కో మాటనూ పరిశీలించవలసి ఉన్నది.

వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది నొప్పి గురించిన మాట. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. అప్పుడు చెప్పులో దిగిన గుండుసూది కూడా తెలియదు. స్పర్శ ఎంత మిగిలిందో ఇంట్లోనే కొంతవరకు చూడవచ్చు. పెద్దాయనను కళ్లు మూసుకోమని చెప్పి, రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొనలను మీ చూపుడువేలితో నొక్కకుండా ఒకటి రెండు సెకన్లు తాకి, తెలిసినప్పుడల్లా చెప్పమనండి. ఆరింటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గిందని అనుమానించి వైద్యునికి చూపాలి. ఇక ఆ పాదాలకు మీ కళ్లే కాపలా: రోజూ వెలుతురులో అరికాళ్లూ వేళ్ల సందులూ చూడాలి.

వేడి నీళ్ల సలహా కూడా ఇక్కడే బెడిసికొడుతుంది. పాదానికి వేడి తెలియని మనిషి బొబ్బలెక్కేదాకా కాళ్లు తీయడు. నీళ్లు 37 డిగ్రీలు దాటకూడదు. ముందు మీ మోచేయి పెట్టి చూడండి, మీకూ షుగర్ ఉంటే థర్మామీటరే మేలు. నానబెట్టడం అసలే వద్దు, చర్మం మెత్తబడి తేలికగా చిట్లుతుంది. సబ్బుతో కడిగి, సందుల్లో తడి లేకుండా ఒత్తి తుడిస్తే చాలు.

చెప్పుల్లేని నడక మన ఎండలకు మరీ పనికిరాదు. ఇంట్లోనూ మెత్తటి అడుగున్న ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు, మడమ వెనుక పట్టీ ఉన్నవి, వేయించాలి. తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడమాలి. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి చెప్పులు విడవక తప్పదు కనుక, బండలు కాలకముందే తెల్లవారుజామున తీసుకువెళ్లి, తిరిగిరాగానే అరికాళ్లు చూడండి. చెప్పుల్లేకుండా ఉండవలసిన భవానీ దీక్ష తీసుకోదలచిన వారు మాత్రం ముందుగా వైద్యుని అడగాలి. ఇందులో భక్తికి లోటేమీ లేదు.

నూనె విషయంలో సగం నిజమున్నది. చెమట తగ్గి పగుళ్లు తేలిన మడమలకు నూనె మంచిదే, వేళ్ల సందుల్లో మాత్రం చెమ్మ నిలిచి పాచిపోతుంది. ఆనెకాయలకు బ్లేడూ వద్దు, మందుల దుకాణంలో దొరికే ప్లాస్టరూ వద్దు. అందులోని ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది.

పుండు కనబడితే శుభ్రమైన నీటితో కడిగి, పొడి గాజుగుడ్డ కప్పి, పసుపు, కాఫీపొడి వంటివేవీ అద్దకుండా, ఆ రోజే వైద్యునికి చూపించండి. చీము, నలుపు, జ్వరం, లేదా పాదం వాచి వేడెక్కడం వంటివి కనిపిస్తే రాత్రయినా ఆగవద్దు. గుంటూరు, విజయవాడల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల అత్యవసర విభాగాలు తెరిచే ఉంటాయి.