సవరణ: నకగుసుకు కోటలో గోసమారు కట్టించింది ఎంత?

జపాన్‌లోని ఒకినావా దీవిలో ఉన్న నకగుసుకు కోటను 1440లో ర్యుక్యు రాజ్య సామంతుడు గోసమారు కట్టించాడని, 1945 యుద్ధంలో అది నేలమట్టమైందని ముందు పోస్టులో ఉంది. రెండూ సరికాదు.

రాజాజ్ఞ మీద గోసమారు తన జకిమి కోట నుంచి మకాం మార్చేసరికే అక్కడ కోట ఉంది. అతను చేర్చింది మూడో ప్రాకారం, ఉత్తర ప్రాకారం. గోడల దగ్గర నిలబడితే తేడా ఇట్టే తెలుస్తుంది. మొదటి, రెండో ప్రాకారాల్లో సున్నపురాతి దిమ్మెలను ఇటుకల్లా వరసగా పేర్చారు. మూడో దాంట్లో రాళ్లకు అయిదారు మూలలు చెక్కి, ఒకదాని అంచుకు ఒకటి అతికినట్టు ఇమిడ్చారు. పనితనమంటే అదీ!

1945లో ధ్వంసమైంది ర్యుక్యు రాజుల నివాసమైన షురి కోట. 1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ బృందం వచ్చి కొలతలు తీసుకున్న నకగుసుకు గోడలు చాలావరకు నిలిచే ఉన్నాయి. 2000లో యునెస్కో జాబితాకూ ఎక్కాయి.

గోసమారును "రాజద్రోహి" అనడం కూడా తొందరపాటే. 1458లో ఆ నింద మోపింది కత్సురెన్ ప్రభువు అమవారి. అది నమ్మి రాజుగారు పంపిన సేనపై కత్తి ఎత్తనని గోసమారు ప్రాణం తీసుకున్నాడని కథనం. అదే ఏడాది అమవారినీ రాజసేనే మట్టుబెట్టింది. ఈ కథంతా తర్వాతి షురి ఆస్థానం రాయించిన చరిత్రల్లోది కాబట్టి, కాస్త ఆచితూచే నమ్మాలి.