గేదె మేసేసిన రొమాంటిక్ యుగం

డిగ్రీ పరీక్షలు దాళ్వా కోతల్లో పెట్టేవాళ్ళకి కోనసీమ గురించి ఏమీ తెలియదని నా గట్టి నమ్మకం. మా మేనల్లుడు బీఏ ఇంగ్లీషు, చివరి ఏడాది. పల్లెటూరు కదా, ప్రశాంతంగా చదువుకుంటాడని మా అక్క వాణ్ణి మా ఇంటికి పంపింది. కోతమిషన్లు, ట్రాక్టర్లు, ధాన్యం బేరగాళ్ళ కేకలు, వాటి మధ్య ప్రశాంతత. పాపం అక్క టౌనులో ఉంటుంది లెండి.

వాడు కాలవ గట్టు మీద కొబ్బరిచెట్టు కింద కూర్చుని చదువుకుంటుంటే ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది, మా గట్టు మీద ట్రాక్టరుకీ మనిషికీ కలిపి చోటుండదు, వీడు గభాల్న లేచి తప్పుకున్నాడు, ఒళ్ళోని నోట్సు మాత్రం తప్పుకోలేదు. ఇంటికొచ్చి "నోట్సు కాలవలో పడవేయబడ్డాయి మావయ్యా" అన్నాడు. ఎవరి చేత అంటే జవాబు లేదు. పాసివ్ వాయిస్ ఇంతలా వంటబట్టాక గ్రామర్ గురించి నాకు బెంగ లేకపోయింది.

బాల్ పెన్నుతో రాసినవి కాబట్టి అక్షరాలు బతికాయి. అన్నీ విడికాగితాలే, పేజీ నంబర్లు మాత్రం లేవు. మా అమ్మ వాటిని రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసే బరకం మీద పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో కొబ్బరిచిప్ప బోర్లించింది. మంచి ఆలోచనే, సముద్రపు గాలి లేచేదాకా.

చిప్పలు దొర్లాయి. 1558లో గద్దెనెక్కిన ఎలిజబెత్ రాణి ఎగిరెళ్ళి కోళ్ళగూడు ఎక్కింది. షేక్‌స్పియర్ బోరింగు దగ్గర బురదలో దొరికాడు. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ 1798లో వేసిన కవితల పుస్తకంతో మొదలైందంటారే, చెట్టూ పుట్టా అంటూ ప్రకృతిని నెత్తిన పెట్టుకున్న ఆ రొమాంటిక్ యుగం, అది పక్కింటి గేదె నోట్లో సగం కనిపించింది, మిగతా సగం అప్పటికే లోపలికెళ్ళిపోయింది. ప్రకృతే తీసేసుకుంటే ఎవరితో గొడవపడతాం.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. దొరికిన కాగితాల్ని సంవత్సరాల ప్రకారం పేర్చేసింది. విక్టోరియా యుగం, ధవళేశ్వరం ఆనకట్ట మీద వ్యాసం రెండూ అతుక్కుపోయాయి. వీడు ఊడదీయబోతే చేతి మీద కొట్టింది. "1837 నుంచి 1901 అని నువ్వే చదివావు. కాటన్ దొర ఆనకట్ట అయింది 1852లో. ఆవిడ రోజుల్లోదే కదరా, ఉండనీ." ఆ తర్వాత వాడు విక్టోరియా సంవత్సరాలు మర్చిపోతే ఒట్టు. ఆ కాలపు నవలల రచయిత డికెన్స్ గురించి చెప్పరా అంటే మాత్రం లాకుల గురించి మొదలెట్టేవాడు.

అసలు తంటా గేదెగారి యజమానితో వచ్చింది. పెద్దాయన, వయసులో ఉండగా తీర్థాల్లో సత్యభామ వేషం కట్టినాయన. పరామర్శకొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వీడు లోపల, 1642లో లండన్‌లో నాటకశాలలు మూసేశారని బట్టీ వేస్తున్నాడు.

"ఆగరా అబ్బాయ్. ఎవరు మూశారు?"

"పార్లమెంటు తాతగారూ, ప్యూరిటన్లని మహా నిష్ఠాపరులైన క్రైస్తవులు."

"మళ్ళీ ఎప్పుడు తెరిచారు?"

"1660లో, రెండో చార్లెస్ రాజు వచ్చాక. అప్పట్నుంచీ ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు."

ఆయన వేళ్ళ మీద లెక్కేసుకుని నా వైపు తిరిగాడు. "పద్దెనిమిదేళ్ళండీ! ఆయ్, మరా వేషగాళ్ళు ఏం తిని బతికారంటారు? తీరా తెరిచాక ఆడవేషం కట్టేవాడి పొట్ట కొట్టారా?" మా తీర్థంలో ఒక ఏడు నాటకం మానేసి రికార్డింగ్ డాన్సు పెట్టిన సంగతి ఆయనింకా మర్చిపోలేదు. ఇక రోజూ సాయంత్రం వచ్చి ఆ పేజీనే చదివించుకునేవాడు, ప్యూరిటన్లని తిట్టుకునేవాడు. వీడికి రిస్టొరేషన్, అదే చార్లెస్ రాజు తిరిగొచ్చిన ఆ యుగం, కంఠతా వచ్చేసింది, దాని ముందూ వెనకా అంతా పలచన.

పేపర్లో రొమాంటిక్ యుగం మీద పెద్ద ప్రశ్నే వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. ఛాయిస్ ఉంది కాబట్టి వీడు రిస్టొరేషన్ అందుకుని, అడిషనల్ షీట్లు అడిగి మరీ రాశాట్ట. బస్సు దిగేసరికి పెద్దాయన పాలచెంబుతో స్టాపులోనే నిలబడి ఉన్నాడు, గేదె చేసిన పనికి నష్టపరిహారం అన్నమాట.

"చార్లెస్ రాజు తెరిపించాడని రాశావా?"

"రాశాను తాతగారూ."

"మగాళ్ళ దగ్గర్నుంచి ఆడవేషాలు లాక్కున్నారని?"

"అయ్యో, అది మర్చిపోయాను."

పాలచెంబు వాళ్ళింటికే వెళ్ళిపోయింది.