సర్వీస్ కంటైనర్ గారికి పర్లాకిమిడి నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ సింఫనీ సర్వీస్ కంటైనర్ గారి సముఖానికి,

పర్లాకిమిడి నుంచి, సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్ మీద వెబ్‌సైట్లు కట్టే ఒక పీహెచ్‌పీ ప్రోగ్రామర్ నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. మీ ఆరోగ్యం గురించి విడిగా అడగను. ఒంట్లో ఏ కాస్త తేడా చేసినా స్క్రీన్ నిండా ఎర్రగా మీరే చెప్తారు.

మీ ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చెప్పబోయి ఒకసారి భంగపడ్డాను. డిపెండెన్సీ ఇంజెక్షన్ అనగానే, "ఎవరికిరా జ్వరం?" అంది. 2004లో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ తన వ్యాసంలో ఆ పేరు ఖాయం చేసేముందు మా అమ్మను ఒక మాట అడగాల్సింది. చివరికి ఇలా చెప్పాను: పెళ్ళిలో వంటవాడు ఉప్పూ పప్పూ తాను కొనుక్కోడు, చీటీ రాసిస్తాడు. పెళ్ళివారే తెచ్చి అందిస్తారు. ఆ వంటవాళ్ళు ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే సర్వీసులు, ఆ పెళ్ళివారు మీరు. చీటీ పేరు సర్వీసెస్ డాట్ యామెల్.

చీటీలో ఒక సర్వీసుకు ఇంకో సర్వీసు కావాలంటే దాని పేరు ముందు ఎట్ ది రేట్ గుర్తు పెట్టాలి. పెట్టకపోతే మీకది ఉత్త మాట. మెయిలర్ అడిగిన పాపానికి మెయిలర్ అన్న అక్షరాలు తెచ్చి చేతిలో పెడతారు. పప్పు అడిగితే పప్పు అని రాసిన కాగితం ఇచ్చినట్టు.

మనకు చెడింది మాత్రం పేర్ల దగ్గరే. మొన్న ఆర్డర్ల సర్వీసుకు ఎస్సెమ్మెస్ సెండర్‌ను అందించబోయి, స్పెల్లింగులో ఒక 'ఈ' బదులు 'ఏ' కొట్టాను. రాత్రి పదకొండు. ఆ పేరుతో సర్వీసే లేదన్నారు. సరే. ఆ పక్కనే, "మీ ఉద్దేశం ఇదా?" అంటూ అసలు పేరు అక్షరం పొల్లుపోకుండా చూపించారు! అయ్యా, తెలిసినప్పుడు ఇచ్చేయొచ్చు కదా?

ఇలాంటివారు నాకు కొత్త కాదు. నా పేరులో కృష్ణుడున్నాడు. ఇంట్లో కృష్ణ, ఒడియా బడి కాగితాల్లో క్రుష్ణ. ఒక ఆఫీసులో గుమస్తాగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఇద్దరూ నువ్వేనా?" అన్నారు. నేనేనండి అన్నాను. "నువ్వేనని నాకూ తెలుసులే, అఫిడవిట్ పట్టుకురా" అన్నారు. ఆయన మీకు ఏమవుతారో కనుక్కోవాలి.

మా ఊరు మాకు పర్లాకిమిడి, ఒడియావాళ్ళకు పారలాఖెముండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిశాం. ఆ ఒరిస్సా 2011లో ఒడిశా అయింది. ఇన్ని పేర్లున్నా ఇక్కడ ఉత్తరం చేరకుండా పోదు. వాడుకలో పలికినట్టే రాయమని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. ఆ గాలి మీకు సోకలేదు. అలియాస్ అని ఒక సదుపాయం పెట్టారు, కాదనను. ఒకే సర్వీసును రెండో పేరుతోనూ పిలవొచ్చు. కానీ అదీ ముందే చీటీలో రాసి పెట్టుకోవాలి. మా పోస్ట్‌మాన్‌కు ఎవరు రాసిచ్చారండీ?

2017 చివర్లో నాలుగో వెర్షన్‌తో సర్వీసులన్నిటినీ మామూలుగానే ఘోషాలో (మిమ్మల్ని నేరుగా అడిగి పిలిపించుకోవడానికి వీల్లేకుండా) ఉంచడం మొదలుపెట్టారు. ఎవరూ అడగని ఘోషా సర్వీసును కంపైల్ వేళకు గుట్టుగా తీసేస్తారు కూడా. దాని జోలికి వెళ్తే ఉత్తరం పెరుగుతుంది.

నా అసలు గోడు వేరే. ఎట్ ది రేట్ పక్కన ప్రశ్నార్థకం పెడితే మీరు కోప్పడరని తెలిసింది. ఉంటే ఇవ్వండి, లేకపోతే ఫర్వాలేదు అని దానర్థం. "పిన్నిగారింట్లో కరివేపాకు ఉంటే తే, లేకపోతే వచ్చేయ్" అని చిన్నప్పుడు అమ్మ పంపేది కదా, అలా. లాగర్ అంటే జరిగిన తప్పులు లాగ్ ఫైల్‌లో రాసిపెట్టే సర్వీసు. దాన్ని అందించే సెట్‌లాగర్ కాల్‌లో లాగర్ ముందు ఆ గుర్తు పెట్టాను. లాగర్ స్పెల్లింగులో రెండు 'జీ'లుంటే ఒకటి మింగేశాను. (లాగర్ లేకపోయినా కోడ్ ఆగకుండా జాగ్రత్త పడ్డ మహానుభావుణ్ణీ నేనే.) ఈసారి మీరు కిక్కురుమనలేదు. ఎరుపు లేదు, "మీ ఉద్దేశం ఇదా" లేదు. ఆ కాల్‌నే మడిచి జేబులో పెట్టుకున్నారు. వారం రోజులు లాగ్ ఫైల్ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. నా కోడ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. ఎనిమిదో రోజు కాశీబుగ్గ నుంచి జీడిపప్పు వ్యాపారి ఫోన్: "బాబూ, కస్టమర్లకు మెసేజీలు ఒక్కటీ పోవట్లేదు. నీకేమైనా తెలుసా?"

కరివేపాకు లేకపోతే లేదని ఇంటికొచ్చి చెప్పాలి కదండీ! పొయ్యి మీద చారు మరుగుతూనే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మీకు దండం. నివాస పత్రానికి రేషన్ కార్డు, రేషన్ కార్డుకు నివాస పత్రం అడుగుతూ నన్ను రెండు నెలలు తిప్పారు. ఇదొక చక్రమని ఏ కౌంటర్‌లోనూ చెప్పలేదు. సర్వీసులు అలా ఒకదాన్నొకటి పట్టుకు వేలాడితే మీరు ఎక్కడ మొదలై ఎక్కడికి తిరిగొచ్చిందో బాణాలు గీసి మరీ చూపిస్తారు.

జవాబు రాస్తే చిరునామాలో పర్లాకిమిడి అనైనా, పారలాఖెముండి అనైనా రాయండి, చేరుతుంది. ముందు ప్రశ్నార్థకం మాత్రం పెట్టకండి.

ఇట్లు,
కృష్ణ (క్రుష్ణ కూడా నేనే)