జవాబు గురువారం చెబుదాం

ప్రతి సోమవారం పొద్దున పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద ఒక చిట్కా: నాలుగు లైన్ల కోడ్, కింద రెండు వాక్యాల వివరణ. టీమ్‌లో కొత్తగా చేరేవాళ్ల కోసం మూడేళ్లు రాశాను. లైకులు బాగానే వచ్చేవి. ఒకరోజు కోడ్ రివ్యూ చేస్తుంటే, రెండు వారాల కిందట నేను వద్దన్న తప్పే కనబడింది. ఆ కోడ్ రాసిన అమ్మాయి నా చిట్కా చదివింది, లైక్ కూడా కొట్టింది. ఆమెను అనడానికేం లేదు, నేను చెప్పిన తీరే అలా ఉంది. అందుకే ఇకమీదట సోమవారం ప్రశ్న మాత్రమే వేసి, జవాబు గురువారం చెబుదామనుకుంటున్నాను.

ఫంక్షన్ పారామీటర్‌కి డిఫాల్ట్‌గా, అంటే పిలిచేవాళ్లు ఏమీ ఇవ్వకపోతే వాడే విలువగా, ఖాళీ లిస్ట్ ఇవ్వకండి, 'నన్' (None, ఏమీ లేదని చెప్పే విలువ) ఇవ్వండి అని రాశాను. చదివినవాళ్లు సరే అనుకుని ముందుకెళ్లిపోయారు. అదే ఇలా అడిగి ఉంటే? ఇచ్చిన పేరును ఆ డిఫాల్ట్ లిస్ట్‌లో చేర్చే ఫంక్షన్ ఇది. మొదటిసారి 'మామిడి' ఇచ్చాం, లిస్ట్‌లో మామిడి వచ్చింది. రెండోసారి 'జామ' ఇస్తే ఏం వస్తుంది? జామ ఒక్కటే అనిపిస్తుంది. నడిపి చూస్తే మామిడి, జామ రెండూ ఉంటాయి. ఫంక్షన్‌ని పిలిచినప్పుడల్లా ఆ లిస్ట్ కొత్తగా పుట్టదు. ఫంక్షన్‌ని నిర్వచించే 'డెఫ్' (def) లైన్ నడిచినప్పుడు ఒక్కసారి పుట్టి, అక్కడే ఉండిపోతుంది. అంచనా తప్పి ఒక్క క్షణం బిత్తరపోయినవాళ్లకి ఇది ఇక జన్మలో మర్చిపోవడం ఉండదు.

సీ ప్లస్ ప్లస్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష వాళ్లకి ఈ పద్ధతి పాతదే. ఆ భాష నిపుణుడు హెర్బ్ సట్టర్ 1997లో ఇంటర్నెట్‌లో మొదలుపెట్టిన 'గురు ఆఫ్ ద వీక్' శీర్షిక ముందు ప్రశ్న వేసేది, పరిష్కారం తర్వాత వచ్చేది. 2013లో దాన్ని మళ్లీ మొదలుపెట్టి, పాత ప్రశ్నల్ని ఆ భాష కొత్త ప్రమాణాలకు తగ్గట్టు తిరగరాశారు. మనం అస్సలు చేయని పని ఇదే. పైథాన్ డిక్షనరీలో (పేరు, దాని విలువ జంటలుగా దాచే చోటు) చేర్చిన వరుస నిలవాలంటే 'ఆర్డర్డ్‌డిక్ట్' (OrderedDict) అనే ప్రత్యేక రకం వాడండి అనేది ఒకప్పుడు మంచి సలహా. 2018లో పైథాన్ 3.7 వచ్చాక మామూలు డిక్షనరీయే ఆ హామీ ఇస్తోంది. నా పాత చిట్కా మాత్రం తేదీ, వెర్షన్ ఏమీ లేకుండా ఇంకా చేతులు మారుతూనే ఉంది, అదీ స్క్రీన్‌షాట్‌గా. బొమ్మలో ఉన్న కోడ్‌ని నేరుగా కాపీ చేసి నడపడం కష్టం, వెతికితే సులువుగా దొరకదు, నేను దిద్దుదామన్నా కుదరదు. అందుకే స్క్రీన్‌షాట్లు ఆపేయాలి, ప్రతి చిట్కా మీదా వెర్షన్ వేయాలి.

పొట్టిగా ఉండాలన్న నియమం మాత్రం వదలకూడదు. గూగుల్‌లో టెస్టింగ్ చిట్కాలను 2006 నుంచి టాయిలెట్ గోడలకు అంటించారు, ఒక్కొక్కటీ ఒక్క పేజీ. ప్రశ్నకైతే అంత చోటు కూడా అక్కర్లేదు.

డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు జవాబు కోసం మూడు రోజులు ఆగుతారా అని ఒక సహోద్యోగి అడిగాడు. ఆగక్కర్లేదు, కోడ్ నడిపి చూసుకోవచ్చు. నాకు కావాల్సిందీ అదే.

వచ్చే సోమవారం ప్రశ్న సిద్ధంగా ఉంది. ఒక లిస్ట్, దాని లోపల ఒక ఖాళీ లిస్ట్. బయటి లిస్ట్‌ని 3తో గుణించి, లోపలున్న మొదటి లిస్ట్‌లో 'మామిడి' చేర్చాను. మొత్తం ప్రింట్ చేస్తే ఎన్ని మామిళ్లు కనిపిస్తాయి?