మహారాజశ్రీ నాచు గారికి

అయ్యా,

ఇన్నాళ్లూ నీళ్ల తొట్టెలో మీరు కనబడితే చాలు, బ్లీచింగ్ పౌడరుతో వెంటపడ్డాం. మీ మీద కాలేసి జారిపడ్డ ప్రతివాడూ తిట్టింది మిమ్మల్నే గాని తన నడకను కాదు. అలాంటి మీకు ఇప్పుడు నానోపదార్థాల, అంటే కంటికి ఆననంత సన్నని రేణువుల, తయారీలో ఉద్యోగం దొరికింది. అభినందనలు.

ఉద్యోగంలో చేర్చుకునే పద్ధతి మాత్రం మర్యాదగా లేదు. ముందు మిమ్మల్ని ఎండబెడతారు, పొడి కొడతారు, నీళ్లలో మరిగించి వడకడతారు. రంగులేని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఆ కషాయం పోస్తే పసుపుపచ్చగా మారి, మెల్లగా ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. మీలోని ప్రోటీన్లూ, పాలీశాకరైడ్లనే చక్కెర గొలుసులూ ద్రావణంలోని వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లిచ్చి లోహరేణువులుగా మార్చడమే కాదు, అవి ముద్దకట్టకుండా పైన తొడుగు కూడా వేస్తాయి. ఇంత పనికి మేము సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటి విషాలు వాడేవాళ్లం. బంగారు లవణం ద్రావణమైతే మీ చేతిలో పడ్డాక ఎర్రబడుతుంది. సిగ్గుతో కాబోలు.

మీ బంధువులు, ఒంటి కణపు నాచులైన డయాటమ్‌లు, ఇంకా ఘనులు. ఇసుక కరగాలంటే మాకు సుమారు 1,700 డిగ్రీల కొలిమి కావాలి. వాళ్లు చల్లని నీళ్లలోనే, నానో రంధ్రాలతో సహా, ఇసుకలో ఉండే సిలికాతోనే గూడు కట్టుకుంటారు. ఆ గూళ్లు పేరుకున్న మట్టిలో నైట్రోగ్లిసరిన్ అనే పేలుడు ద్రవాన్ని ఇంకించి 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంటు తీసుకున్నాడు. మీ కులానికి మేము చేసిన సత్కారం అది.

ఇక అసలు సంగతి. ద్రావణం రంగు మారీ మారకముందే మావాళ్లు దాని మీద ‘హరితం’ (పర్యావరణానికి హాని చేయనిది) అని ముద్ర కొట్టేస్తారు. వెండి గనిలోంచి వచ్చిందనీ, కషాయం కాచడానికి, ఆరబెట్టడానికి, రేణువుల్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం తిప్పడానికి కరెంటు ఖర్చయిందనీ ఎవరూ గట్టిగా అనరు. ఎండ తగ్గినా, నీళ్లలో ఉప్పు మారినా మీ ఒంటి రసాయనాలు మారతాయి. దాంతో రేణువుల సైజూ మారుతుంది. నింద మీకు, పేరు మాకు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ వెండి రేణువులను సూక్ష్మజీవుల్ని చంపడానికని బట్టల్లో కలుపుతాం. ఉతికినప్పుడు కొంత వెండి నీళ్లతో పాటు పోతుంది. అది చెరువు చేరితే అక్కడి మీ చుట్టాలకూ విషమే. ఈ మాట మీ నియామక పత్రంలో రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆదివారం తొట్టె కడుగుతున్నాం. ముందే చెబుతున్నాను.

ఇట్లు,
బ్రష్షు చేతబట్టిన మీ శ్రేయోభిలాషి