దీర్ఘచతురస్రపు తెగులు

మా అపార్ట్‌మెంట్ పచ్చిక పోయింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లారకముందే సెక్రటరీ గారు ఈ దుర్వార్తను ఫొటోతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద పదహారు దండాలు, నాలుగు ‘ఓం శాంతి’లు. పోయింది ఎవరో చూసుకోకుండానే పెట్టేశారనుకుంటా.

పోయిన వారి పేరు బెర్ముడా గ్రాస్. చదరపు అడుగుకింత అని లెక్కగట్టి, చాపల్లా చుట్టి, లారీలో తెచ్చి పరిచారు. చవితినాడు ‘దూర్వాయుగ్మం పూజయామి’ అంటూ వినాయకుడి మీద వేస్తామే, ఆ గరికే ఇది. సైనోడాన్ డాక్టిలాన్. చేలో మొలిస్తే కలుపు, హైదరాబాద్‌లో క్లబ్‌హౌస్ ముందు మొలిస్తే లగ్జరీ.

పోస్టుమార్టంకి ఏడుగురితో కమిటీ వేశారు. ఫీజు పుచ్చుకుని ఒక కన్సల్టెంట్ గారు కూడా వచ్చారు, టోపీతో, భూతద్దంతో. పచ్చిక నడిమధ్యన ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పున నాలుగు మూలలూ తీర్చినట్టున్న బోడినేల. దాని చుట్టూ ఎనిమిదిమంది పెద్దమనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫంగస్ అన్నారొకరు. వేరుపురుగన్నారు ఇంకొకరు. ఈశాన్యంలో బరువుందని మూడో ఆయన దిక్సూచి యాప్ తెరిచారు. కన్సల్టెంట్ గారు మోకాళ్ళ మీద కూర్చుని చిటికెడు మట్టి వాసన చూసి, “ఇంత క్రమశిక్షణ గల తెగులు నా సర్వీసులో చూడలేదు” అన్నారు. అంచులు టేపుతో కొలిపించారు కూడా. డిసెంబర్ 31 రాత్రి డీజే కోసం సరిగ్గా అక్కడే, సరిగ్గా అంతే స్టేజీ వేసి, సంక్రాంతి దాకా విప్పకుండా ఉంచింది ఈ కమిటీయేనన్న సంగతి ఏడుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. అంత మంచి ప్రదర్శన మధ్యలో ఆపేస్తే పాపం కదూ.

మాలీ మాత్రం ఒక పోచ లాగి చూపించాడు. తేలిగ్గా ఊడి రాలేదు, మొదట్లో ఇంకా పచ్చగానే ఉంది. “సావలే సార్, పండుకున్నది.” రాత్రి చలి 12 డిగ్రీలకు దిగితే గరిక ఎదుగుదల మానేసి పసుపెక్కుతుంది, ఎండ ముదిరితే తనే లేస్తుంది. టవర్‌కి ఉత్తరాన చలికాలమంతా మిట్టమధ్యాహ్నం కూడా నీడే, నీడలో గరిక బతకదు. స్టేజీ కింద గట్టిపడ్డ నేలని గునపంతో గుచ్చి వదులు చేసి, ఇసుకా పశువుల ఎరువూ కలిపి పల్చగా చల్లితే, చుట్టుపక్కల తీగలే పాకి కప్పేస్తాయి. ఇంతే వైద్యం. దీనికి ఫీజు లేదు కాబట్టి కమిటీ మీటింగ్ మినిట్స్‌లోకి ఎక్కలేదు.

మినిట్స్‌లోకి ఎక్కింది రోజుకో ట్యాంకర్.

4,000 చదరపు అడుగులకు ఒక్క అంగుళం నీరు పెట్టాలంటే 9,400 లీటర్లు. వంద కిలోమీటర్లకు పైగా పంపు చేస్తే గానీ కృష్ణ నీళ్ళు ఎక్కని ఊరు మనది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీళ్ళు తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అంది. మన దగ్గర మార్చిలో ఒకే రోజు రెండు నోటీసులు అంటించారు: స్నానాలు ఒక్క బకెట్‌తో కానివ్వండి, స్ప్రింక్లర్ల వేళలు ఇవి. సిగ్గుండాలి! నీళ్ళ పైపు పట్టుకున్న ఆ మాలీ పాలమూరులో బోరు ఎండిపోయి, రెండెకరాలు బీడు పెట్టి వచ్చినవాడు. సెల్లార్‌లో అతని భార్య రెండు బిందెల కోసం వాచ్‌మన్‌ని బతిమాలుతుంటే, ఇతను పైన గరికకు నీళ్ళు కొడుతున్నాడు. “మా ఊర్ల దీన్ని పీకనీకి కూలిస్తరు సార్, ఈడ పెంచనీకి ఇస్తున్రు” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వానలు పడేదాకా దాని మానాన దాన్ని వదిలేద్దాం, ఆ ట్యాంకర్ సెల్లార్ సంపుకి మళ్ళిద్దాం అని గ్రూపులో రాశాను. ఫ్లాట్ల రేటు పడిపోతుందని మొదలుపెట్టి, రాత్రి పదకొండు దాకా ఏడుగురూ వంతులవారీగా నాకు గడ్డి పెట్టారు. చదరపు అడుగుకి పైసా పుచ్చుకోకుండా.