మీది ఎన్ని పళ్ల కన్సోలు?

మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఆదివారం పొద్దున్నే మాగుంట లేఅవుట్‌కి వచ్చేయాల. అక్కనీ పిలకాయల్నీ కూడా తీసుకురా. తొమ్మిదీ పదికి ముహూర్తం" అన్నాడు. ఏం ముహూర్తంరా అంటే చెప్పడు. సంబంధం కుదిరిందేమోనని మా ఆవిడ పట్టుచీర తీసింది. నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆగి కిలో మలై కాజా కట్టించాను. తీరా పోయి చూస్తే హాల్లో పీట మీద ఒక నల్ల డబ్బా. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పక్కన నిమ్మకాయ ఉంచారు.

వీడియో గేము. కన్సోలంటారంట.

మామూలు వీడియో గేము కాదంట. ఇంతకన్నా బలమైంది భూమండలం మీద లేదంట. ఏ కంపెనీదో నేను చెప్పను. చెబితే అవతలి పార్టీ వాళ్లు బాణసంచా కాలుస్తారు, ఇవతలి పార్టీ వాళ్లు నా ఇంటి మీదికొస్తారు. రెండు పార్టీలకూ ఆడుకోవడం తప్ప అన్ని పనులకూ తీరిక ఉంది.

కొబ్బరికాయ కొట్టాక వాడు టెరాఫ్లాపుల మీద ఉపన్యాసం మొదలెట్టాడు. సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేస్తే అది ఒక టెరాఫ్లాపు. లక్ష కోట్లనే మాట బడ్జెట్ రోజున తప్ప వినని కుటుంబం మాది, అందరం నోళ్లు తెరిచాం. ఎన్ని ఫ్లాపులుంటే అంత గొప్పంట. తెలుగునాట పుట్టినవాడికి ఫ్లాపు అనగానే ముందు గుర్తొచ్చేది నిర్మాత. ఒక్క ఫ్లాపుకే పొలాలమ్ముకున్నవాళ్లను చూశాం. ఈయన డబ్బులిచ్చి మరీ కొని తెచ్చుకుని, వచ్చే మోడల్లో ఇంకో నాలుగు ఎక్కువుంటాయని ఇప్పటినుంచే ఎదురుచూస్తున్నాడు.

ఆ సభలో తెలివైన ప్రశ్న వేసింది ఒక్కరే. మా మామగారి అన్న. అద్దంకి పక్క పల్లె నుంచి వచ్చాడు. యాభై ఏళ్లు ఒంగోలు గిత్తల్ని మేపి తిరణాళ్లకు తిప్పిన మనిషి. ఆయన ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, డబ్బా వీపు మీద చెయ్యేసి, "ఎన్ని పళ్లదబ్బాయ్?" అన్నాడు.

బండలాగుడు పోటీలు చూడనివాళ్లకు చిన్న మాట. అక్కడ జతల్ని పళ్లను బట్టి, అంటే వయసును బట్టి, విడదీస్తారు. రెండు పళ్లవి రెండు పళ్లవాటితో, నాలుగువి నాలుగువాటితో, ఆరువి ఆరువాటితో. గిత్త ఎంత ఎత్తుంది, మూపురం ఎంతుందన్నది చూసి మురుసుకోవడానికే. బహుమతి మాత్రం ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందన్న లెక్క మీదే. ప్రపంచంలోని ఆటల కంపెనీలన్నీ ఈ పద్ధతిని తక్షణం అమలు చేయాలని ఈ వ్యాసం ద్వారా డిమాండ్ చేస్తున్నాను. డబ్బా మీద టెరాఫ్లాపులు అచ్చేయడం మానేసి పళ్లు అచ్చేయాలి.

"బలం సరేలే అబ్బాయ్, బండేదీ?" అన్నాడు పెద్దాయన.

"డౌన్‌లోడ్ అవతా ఉండాది పెద్దనాయనా."

అసలు సంగతి అదీ. ముందు సిస్టం అప్‌డేటు. అదయ్యాక గేము. గేము 118 జీబీ. అరవై అయిదు అంగుళాల టీవీ మీద, ఒక చుక్క కూడా చెదరని నాణ్యతతో, ఒక నీలం గీత. దాని కింద "మిగిలిన సమయం: 6 గంటలు." పద్దెనిమిది మందిమి సోఫాలోనూ కింద చాపమీదా సర్దుకుని ఆ గీతనే చూశాం. ఎవరో లేచి ఫ్యాను పెంచబోతే, నెట్టు స్లో అవుద్దని బామ్మర్ది కేకేశాడు. ఫ్యానుకీ నెట్టుకీ ఏం సంబంధమో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఫోన్లన్నీ వైఫై నుంచి తీసేయించాడు. గంట తర్వాత చూస్తే మిగిలిన సమయం 11 గంటలు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "లాగిన జతల్ని చూశా, బండకాడ మొరాయించిన జతల్ని చూశా. ఎనక్కి పోయేదాన్ని ఇదే చూడ్డం" అన్నాడు.

ఆ ఇంట్లో డౌన్‌లోడు అంటే ఏమిటో నిజంగా తెలిసినావిడ మా అత్తగారు. బొమ్మిడాయల పులుసు ముందురోజు రాత్రే కాచి, మామిడికాయ ముక్కలేసి మూతపెట్టింది. మధ్యాహ్నానికి వడ్డించడమే. ఆటల కంపెనీల్లో ఇంత ముందుచూపు ఉన్న మనిషి ఒక్కరున్నా మన బతుకులు ఇంకోరకంగా ఉండేవి.

పెద్దాయన ప్రశ్నను చిన్నగా తీసేయకండి. ఈ వ్యాపారం చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఉంది. 1989లో నింటెండో వాళ్లు చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ తెచ్చారు. రంగులు లేవు, పాచిపట్టిన ఆకుపచ్చ తెర, దాంట్లో టెట్రిస్. పోటీకి సెగా వాళ్లు గేమ్ గేర్ దించారు. రంగులకు రంగులు, వెలుగుకు వెలుగు. బ్యాటరీలు మాత్రం ఆరు, అవి కూడా కాసేపటికే నీరసపడేవి. గేమ్‌బాయ్‌కి నాలుగేస్తే రోజులు గడిచేవి. ఎవరు గెలిచారో వేరే చెప్పాలా? 1993లో అటారీ వాళ్లు జాగ్వార్ అని 64 బిట్ల (అప్పట్లో బలానికి కొలత అదే) పులిని వదిలారు. లెక్కలు మీరే వేసుకోండని ప్రకటనల్లో సవాలు కూడా చేశారు. జనం లెక్కలు వేసుకున్నారు. పట్టుమని మూడేళ్లు నిలవలేదు.

సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 2 సంగతి మన పిలకాయల్నే అడగండి. దాని తరంలో బలంలో ముందున్నది అది కాదు. నింటెండో గేమ్‌క్యూబూ, మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్సూ రెండూ దానికన్నా కండపట్టినవే. ఆ రెండూ కలిపి అమ్ముడైనవి 5 కోట్లు దాటలేదు, ఇది ఒక్కటే 15 కోట్లు దాటింది. నింటెండో వాళ్ల వీ (Wii) వచ్చింది 2006లో. పక్కనున్న ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 ముందు దాని బలం పొట్టేలు ముందు మేకపిల్ల. 10 కోట్లు దాటింది, ఆ రెండూ దాటలేదు. నింటెండో స్విచ్ 2017 మార్చిలో వచ్చేనాటికి దాంట్లో చిప్పు రెండేళ్ల పాతది. అయితేనేం, మొదటి రోజే జెల్డా అనే ఆట ఉంది. అదీ 15 కోట్లు దాటింది. ఇక 2020 నవంబరులో రెండు రోజుల తేడాతో రెండు దిగాయి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 12 టెరాఫ్లాపులు, ప్లేస్టేషన్ 5 10.28. ఆ ఒకటీ ముప్పాతిక తేడా మీద ఇంటర్నెట్‌లో తలలు పగిలాయి. అమ్మకాల్లో మాత్రం పన్నెండుది పదిదాని వెనకాలే నడిచింది.

బలం అసలు పనికిరాదని నేననను. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 నింటెండోను వదిలి ప్లేస్టేషన్‌కి పోయింది దేనికి? ఆట మూడు సీడీలు పట్టింది, నింటెండో 64 ఇంకా క్యాసెట్లనే పట్టుకు వేలాడుతోంది. పేరుకు 64 బిట్లు. కానీ ఆట చేసేవాడికి కావలసింది బిట్లు కాదు, చోటు. చోటిచ్చిన 32 బిట్లది 10 కోట్లు అమ్ముడైంది, ఇవ్వనిది 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగింది. బండకు తగ్గ బలం అన్నమాట. అట్టాగని ఒక్క మంచి ఆట ఉంటే చాలు డబ్బా గట్టెక్కుతుందనీ లేదు. మారియో కార్ట్ 8 ముందు నింటెండో డబ్బా వీ యూ మీదే వచ్చింది. ఆ డబ్బా ఏమిటో, పాత వీకి తగిలించుకునే సామానో కొత్తదో, కొనేవాడికే అర్థం కాలేదు. 1 కోటి 36 లక్షల దగ్గర కథ ముగిసింది. అదే ఆట స్విచ్ మీదికి వచ్చి 6 కోట్లు దాటింది. గిత్త మంచిదే, బండా మంచిదే, కాడి సరిగ్గా కట్టలేదు.

మళ్లీ మన ముహూర్తానికొద్దాం. భోజనాలయ్యేసరికి పిలకాయలు ఒక్కరు లేరు. వెతికితే మేడమీద అద్దెకున్న మెకానిక్ ఇంట్లో దొరికారు. అక్కడ పెట్టెలాంటి పాత టీవీ, దానికి ఒక ప్లేస్టేషన్ 2. ఒక రిమోట్‌కి పుల్ల మీది రబ్బరు అరిగిపోతే సైకిల్ ట్యూబు ముక్క కోసి తొడిగాడు. సీడీ చదవకపోతే బనీనుకు తుడిచి మళ్లీ పెడుతున్నాడు. ఆడుతున్నది 2003 నాటి స్మాక్‌డౌన్ కుస్తీ. ఆ ఆట ప్లేస్టేషన్ 2కి తప్ప దేనికీ రాలేదు. ఓడినోడు లేవాల, అదీ రూలు. తొమ్మిదిమంది పిల్లలు వరసలో కూర్చుని, "రేయ్, నువ్వు ఓడినావు గదా, లే!" అని అరుచుకుంటున్నారు. మల్లయోధుల ముఖాలు నానబెట్టిన శనగల్లా ఉన్నాయి. దానికి ఎన్ని టెరాఫ్లాపులని ఒక్కడూ అడగలేదు. మా చిన్నోడు ఆరోవాడు. పిలిస్తే తలకూడా తిప్పలేదు.

నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. (నాకూ ఒక ఆట వచ్చింది. మా ఆవిడకు చెప్పొద్దు.)

ఈ ఎక్స్‌క్లూజివ్ అనే దాన్ని కూడా పూలదండేసి ఊరేగించాల్సిన పనిలేదు. మన దేశంలో దిగినప్పుడు ప్లేస్టేషన్ 5, సిరీస్ ఎక్స్ ఒక్కొక్కటీ 49,990 రూపాయలు. ఈ ఆట దీంట్లోనే, ఆ ఆట దాంట్లోనే అంటారు. రెండు ఆటలు ఆడాలనుకున్నవాడు లక్ష పెట్టి రెండు డబ్బాలు కొనుక్కోవాల్సొచ్చింది. ఆపైన ఒక్కో కొత్త ఆట అప్పట్లో 4,999 దాకా. ఆ డబ్బుకి మా ఇంట్లో పాతిక కేజీల బియ్యం బస్తాలు మూడు దిగుతాయి. ఒకే వీధిలో రెండు బావులు తవ్వి, దీంట్లో తోడినవాడు దాంట్లో చెయ్యి పెట్టకూడదన్నట్టుంది వ్యవహారం.

సరే, వ్యాపారం అనుకుందాం. కంచె వేసినవాడు లోపల చెట్టుకు నీళ్లయినా పోయాలి కదా? టాంగో గేమ్‌వర్క్స్ అని జపాన్‌లో ఒక స్టూడియో, ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ చేతికింద ఉండేది. 2023 జనవరిలో హై-ఫై రష్ అనే ఆట తెచ్చింది. ఆడినవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, అవార్డులొచ్చాయి. 2024 మార్చిలో ఆ ఆటను ప్లేస్టేషన్ 5 మీద కూడా అమ్ముకున్నారు. మే నెలలో స్టూడియో మూసేస్తున్నామన్నారు. మంచి ఆట చేసినందుకు! అంతకు కొన్ని నెలల ముందే, 2023 అక్టోబరులో, అదే మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లు పోసి యాక్టివిజన్ అనే ఆటల కంపెనీని కొన్నది. 2024 జనవరిలో 1,900 మందిని ఇంటికి పంపింది. అవతలి వాళ్లేమన్నా తక్కువ తిన్నారా? సోనీ కాంకర్డ్ అనే ఆటను 2024 ఆగస్టు 23న వదిలి సెప్టెంబరు 6కల్లా తీసేసింది. అక్టోబరులో దాన్ని చేసిన స్టూడియోకే తాళం వేసింది. ఏం ఆట చేయాలో, ఎప్పుడు వదలాలో తేల్చింది పెద్దలు, ఇంటికి పోయింది ఆట చేసినవాళ్లు.

మా పక్కింటి అమ్మాయి హైదరాబాదులో ఆటలకు బొమ్మలు వేసే కంపెనీలో చేరింది. ఎవరి ఆటో, ఏ ఆటో చెప్పకూడదంట, సంతకం పెట్టించుకున్నారు. మూడు నెలలు ఒక్క చెట్టు మీదే కూర్చుంది. బెరడు పగుళ్లు, వేరు మీద నాచు, వాన పడితే తడిసేది ఏ పక్కో. పండక్కి ఊరొచ్చినప్పుడు మా వాకిట్లో వేపచెట్టును గోటితో గీరి చూస్తుంటే నేనే నవ్వాను. ఆ ఆట ఆగిపోయింది. ఆ పిల్ల ఉద్యోగం కూడా. ఆ చెట్టును ఇక ఎవరూ చూడరు. తన పని అని ఎవరికన్నా చూపించుకోవడానికి కూడా వీల్లేదు.

సిగ్గుండాలి. మనం డబ్బా కొనేది లోపలున్న ఆ చెట్టు కోసం. ఆ చెట్టు గీసినవాళ్లను వీధిలో నిలబెట్టి, స్టేజీ ఎక్కి మా డబ్బా సెకనుకు ఇన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందని చప్పట్లు కొట్టించుకుంటారా? ఆ లెక్కల్లో ఈ పిల్ల జీతం లెక్క ఏ సెకనులో తప్పిందో చెప్పమనండి. బలం, బలం, బలం! ఎవడిక్కావాలయ్యా మీ బలం? బండ చెక్కేవాడి చేతులు నరికి, గిత్తకు నూనె రాస్తా కూర్చున్నారు.

సరే. మళ్లీ మర్యాదగా మాట్లాడుకుందాం.

గేము సోమవారం తెల్లవారుజామున దిగిందంట. బామ్మర్ది రెండు వారాలు ఆఫీసుకు కళ్లు ఎర్రగా వేసుకుపోయాడు. నిజం చెప్పాలంటే మంచి ఆటే. ఆ ఆట ఆ డబ్బాకు తప్ప దొరకదని, అందుకోసమే కొన్నానని, కలిసినవాళ్లందరికీ చెప్పాడు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్. గొంతు బొంగురుపోయింది. ఎవరన్నా పోయారేమోనని లేచి కూర్చున్నాను.

"వాళ్లకి కూడా ఇచ్చేస్తుండారంట బావా."

"ఎవరికిరా? ఏంది?"

"మన గేము. అవతలి డబ్బాకి. మన గేముని!"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. పెద్దాయన ఇంకా నెల్లూరులో మా ఇంట్లోనే ఉన్నాడు, కంటి ఆపరేషన్‌కి. స్పీకరులో అంతా విన్నాడు. ఇట్టివ్వమని ఫోన్ తీసుకున్నాడు.

"ఏడవమాక అబ్బాయ్. 1868లో మన గిత్తను కూడా ఓడలో ఎక్కించుకుపోయి బ్రెజిల్‌లో దించారు. అప్పటిదాకా అదీ మన గడ్డ మీదదే. ఇప్పుడు ఆ దేశం నిండా అయ్యే. పేరు కూడా నెలోరే అనే పెట్టుకున్నారు, మన నెల్లూరు పేరు. మొన్న పేపర్లో చూళ్లా, వియాటినా అని ఒక ఆవు 40 కోట్లంట. ఇక్కడేమో నేను పందేనికి మంచి జత కావాలంటే మూడు జిల్లాలు తిరుగుతున్నా." కాసేపు ఆగాడు. "ఇంతకీ నీదాన్ని అమ్ముతావా? అమ్మేటప్పుడు పళ్లు మాత్రం చూపించమాక."